నూనె వెంట్రుకకి, కుదురుకి కాదు

అమలాపురంలో మా సెలూన్ మా నాన్న పెట్టింది. నేను బీయస్సీ కెమిస్ట్రీ చదివి, ఆ తర్వాత ఆయన కుర్చీ వెనకే నిలబడ్డాను. పక్క గదిలో మా ఆవిడ ఆడవాళ్లకి బ్యూటీ పార్లర్ నడుపుతుంది. మధ్యలో ఒక్కటే గోడ. ఆ గోడకి రెండు వైపులా రోజూ వినపడే ప్రశ్న మాత్రం ఒకటే: “ఏ నూనె రాస్తే జుట్టు వస్తుందండీ?”

ఇటు కుర్రాళ్లు నుదురు వెనక్కి పోతోందని అడుగుతారు. అటు ఆడపిల్లలు జడ సన్నబడిపోయిందని అడుగుతారు. ఇద్దరికీ మేం చెప్పే జవాబు వాళ్లకి నచ్చదు. ఏ నూనె రాసినా కొత్త జుట్టు రాదు. ఉన్న జుట్టు మాత్రం నిలబడుతుంది. ఈ రెండు మాటల మధ్య తేడా చెప్పకుండా మన రాష్ట్రాల్లో పెద్ద వ్యాపారం నడుస్తోంది. జుట్టు పలచబడుతోందని దిగులుపడే మనిషి దిగులే దానికి పెట్టుబడి. దాని గురించి నా వృత్తిలో ఉన్నవాళ్లు నోరు విప్పాలన్నది నా అభిప్రాయం. జనం తలల్ని రోజూ అంత దగ్గర నుంచి చూసేది మేమే కదా.

నూనె మీద నాకు ద్వేషం లేదు. ఉండే అవకాశం కూడా లేదు. కొబ్బరిచెట్ల మధ్య పుట్టినవాణ్ణి. ఇక్కడికి దగ్గర్లోనే అంబాజీపేట కొబ్బరి మార్కెట్. కురిడీ కొబ్బరి బస్తాల వాసన, మిల్లులో ఆడుతున్న నూనె వాసన చిన్నప్పటి నుంచీ తెలుసు. పెళ్లికొడుకుని చేసేటప్పుడు గోళ్లు తీయడానికి మా నాయీబ్రాహ్మణులు వెళ్లాలి, ముందు తలకి నూనె పెట్టాలి. భోగినాడు తెల్లవారకముందు, దీపావళికి ముందు నరక చతుర్దశినాడు ఇంట్లో పెద్దవాళ్లు మాడు మీద నూనె చరిచి తలంటుతారు. ఆ చేతి స్పర్శ విలువ నాకు తెలుసు. దాన్ని తీసెయ్యమని నేను ఎవరికీ చెప్పను. నా తగవు నూనెతో కాదు, దాని పేరు మీద చెప్పే మాటలతో.

ముందు వెంట్రుక సంగతి. కంటికి కనిపించే వెంట్రుకలో ప్రాణం లేదు. అది కెరాటిన్ అనే ప్రొటీన్ పోగు. ప్రాణం ఉన్నది చర్మం లోపల, కుదురులో. ఆ కుదురుకి ఆహారం రక్తం నుంచి అందుతుంది. పైన పోసిన నూనె నుంచి అందదు. “కుదుళ్లకి పోషణ” అని సీసా మీద రాసినప్పుడల్లా ఈ ఒక్క సంగతి గుర్తు తెచ్చుకుంటే చాలు. వెంట్రుక నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండున్నర అడుగుల జడ ఉన్న అమ్మాయిని తీసుకోండి. ఆమె జడ కొస ఆరేళ్ల కిందట కుదురులోంచి బయటికి వచ్చింది. ఆరేళ్ల ఎండ, బోరు నీళ్లు, దువ్వెన పళ్లు, తువ్వాలు రాపిడి, రబ్బరు బ్యాండ్లు, ఈ మధ్య అయితే స్ట్రెయిటెనింగ్ మిషను వేడి, అన్నీ ఆ కొస భరించింది. తనని తాను బాగుచేసుకునే శక్తి దానికి లేదు. కాబట్టి కాపాడుకోవాల్సింది ఆ కొసనే. మనవాళ్లేమో నూనె అంతా మాడు మీద పోసి, కొసల్ని వదిలేస్తారు.

కాపాడటంలో కొబ్బరినూనెది నిజంగా పెద్ద చెయ్యి. ఇది మా కోనసీమ అభిమానంతో చెబుతున్న మాట కాదు. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం ఉంటుంది. ఆ అణువు చిన్నది, వంకర లేకుండా తిన్నగా ఉంటుంది, కెరాటిన్‌తో దానికి పొత్తు కుదురుతుంది. అందుకని వెంట్రుక పైపొర దాటి లోపలికి వెళ్లగలదు. 2001లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ పరిశోధకులతో కలిసి చేసిన పరీక్షలో కొబ్బరినూనె వెంట్రుక లోపలికి వెళ్లడం, ఖనిజ తైలం వెళ్లకపోవడం కనిపించాయి. 2003లో ఆర్తీ రేలే, మొహిలే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మూడు నూనెల్ని పోల్చారు: కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలం. మామూలు జుట్టు, బ్లీచు చేసిన జుట్టు, ఎండ కిరణాలకి దెబ్బతిన్న జుట్టు, ఇలా రకరకాల వాటిమీద చూశారు. తలస్నానానికి ముందు రాసినా, తర్వాత రాసినా, వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడాన్ని గట్టిగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. ఒక మాట దాచకూడదు. ఆ ఇద్దరూ కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేసినవాళ్లు. అది తెలుసుకునే చదవాలి. నేనూ అలాగే చదివాను. అయినా ఆ ఫలితం వెనకున్న రసాయన శాస్త్రం సరిగ్గానే ఉందని నా నమ్మకం. కుర్చీ దగ్గర నా వేళ్లకి తెలిసేదీ అదే. నూనె పట్టిన జుట్టులో కత్తెర నడిచే తీరు వేరు, ఎండిన జుట్టులో నడిచే తీరు వేరు.

ఎలా కాపాడుతుందో చెబితే, ఎలా రాయాలో దానంతట అదే తెలుస్తుంది. వెంట్రుక పైన పెంకుటింటి పైకప్పు మీద పెంకుల్లాగా సన్నని పొరలు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. తడిసినప్పుడు వెంట్రుక నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆ పొరలు లేస్తాయి. ఆరితే మళ్లీ ముడుచుకుంటుంది. ప్రతి తలస్నానానికీ ఇదే ఉబ్బడం, ముడుచుకోవడం. ఏళ్ల తరబడి జరిగితే పొరలు చిట్లి, లోపలి పోగు బయటపడుతుంది. కొసలు రెండుగా చీలడం అదే. తలస్నానానికి ముందే నూనె లోపలికి చేరి ఉంటే వెంట్రుక పీల్చే నీళ్లు తగ్గుతాయి, ఉబ్బడం తగ్గుతుంది. అంటే నూనె రాయాల్సిన అసలు సమయం తలస్నానానికి ముందు. గంట ముందైనా పరవాలేదు, ముందురోజు రాత్రయినా సరే. మధ్య నుంచి కొసల దాకా, పాయ పాయకీ తడి అంటినట్టు రాయాలి. కారేలా కాదు. మా ఆవిడ పార్లర్‌లో నడుము దాకా జుట్టున్నవాళ్లకి కూడా రెండు మూడు చెంచాలు దాటనివ్వదు. ఎక్కువ రాస్తే దాన్ని వదిలించడానికి మళ్లీ ఎక్కువ షాంపూ రుద్దాలి. ఆ రుద్దుడులో నూనె చేసిన మేలంతా పోతుంది.

మిగతా నూనెల గురించి రెండు ముక్కలు. నువ్వులనూనె ఎక్కువగా పైపూతగా ఉండిపోతుంది. చిక్కు తీయడానికి, మెరుపుకి మంచిది. ఆముదం కథ వేరు. అందులో నూటికి 85 నుంచి 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లం. మన నూనెల్లో అంత చిక్కనిది మరొకటి లేదు. పాలమూరు, నల్లగొండ చెలకల్లో ఆముదం పంట తరతరాలుగా ఉంది, అక్కడి నుంచి మా దగ్గరికి వచ్చి స్థిరపడినవాళ్లు ఉత్త ఆముదమే తలకి పట్టిస్తారు. జుట్టు పొట్టిగా ఉంటే ఇబ్బంది లేదు. పొడుగు జుట్టుకి ఉత్త ఆముదం పట్టించి వెంటనే తలంటుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. 2017లో మన దేశపు ట్రైకాలజీ (జుట్టు వైద్యం) పత్రికలో ఒక కేసు అచ్చయింది. పొడుగు జుట్టున్న యువతి ఆముదం, కొబ్బరినూనె కలిపి రాసుకుని తలస్నానం చేస్తే, జుట్టంతా ఒక్క ముద్దగా పెనవేసుకుని రాయిలా బిగిసిపోయింది. విడదీయడం కుదరక కత్తిరించాల్సి వచ్చింది. ఆముదమే కావాలనుకుంటే ఒక వంతు ఆముదానికి నాలుగు వంతుల కొబ్బరినూనె కలిపి, ముందు చిక్కు తీసి, కొద్దిగా రాసుకోండి. ఆముదం రాస్తే జుట్టు ఒత్తుగా మొలుస్తుందన్న మాటకి మనుషుల మీద జరిగిన గట్టి పరీక్ష ఏదీ నాకు దొరకలేదు. రాసినప్పుడు ఒక్కో వెంట్రుకకీ పూత పట్టి లావుగా కనిపిస్తుంది. కడిగితే అది పోతుంది.

ఇప్పుడు చుండ్రు. ఈ ఒక్క సంగతి మీద నేను తల్లులతో ఎంతగా వాదిస్తానో మా వీధిలో అందరికీ తెలుసు. కొడుకు భుజాల మీద తెల్లటి పొట్టు రాలితే తల్లి అనే మొదటి మాట, “తల ఎండిపోయింది, నూనె పెట్టుకోమంటే వినడు.” ఆ కుర్రాడి తల నేను దగ్గర నుంచి చూస్తాను. ఎండిపోలేదు. జిడ్డుగా ఉంది, పొట్టు పసుపుపచ్చగా అంటుకుని ఉంది, కింద చర్మం ఎర్రబడింది. చుండ్రుకి కారణం పొడితనం కాదు. అందరి తలమీదా ఉండే మలసీజియా అనే సూక్ష్మజీవి ఒకటుంది. ఒక రకం ఈస్టు. కొవ్వు లేకపోతే అది బతకలేదు. ప్రయోగశాలలో దాన్ని పెంచాలంటే పళ్లెంలో ఆలివ్ నూనె వెయ్యడం మామూలు పద్ధతి. మన తలమీద సహజంగా ఊరే జిడ్డుని అది తిని, ఓలిక్ ఆమ్లం లాంటివి వదిలిపెడుతుంది. అవి పడని చర్మం మంటెక్కి, పొరలు పొరలుగా ఊడుతుంది. అలాంటి తలకి రాత్రంతా నూనె పట్టించి పడుకోబెడితే ఎవరికి మేపు వేసినట్టు? నూనె రాసినప్పుడు పొట్టు అణిగి కనిపించదు. దురద కాస్త తగ్గినట్టుంటుంది. రెండు రోజుల్లో మళ్లీ రాలుతుంది, ఇంకా ఎక్కువగా. “చూశావా, నూనె మానగానే మళ్లీ వచ్చింది” అంటుంది తల్లి.

నేను చెప్పేది ఇది. నెల రోజులు మాడుకి నూనె వద్దు. మందుల షాపులో కీటోకొనజోల్ ఉన్న షాంపూ దొరుకుతుంది. వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. రాసిన వెంటనే కడిగెయ్యకుండా నాలుగైదు నిమిషాలు తలమీద ఉంచాలి. చాలామందికి అది పనిచెయ్యకపోవడానికి ఒకే కారణం, రాసీ రాయగానే కడిగెయ్యడం. నెల తర్వాత తగ్గకపోతే చర్మవైద్యుడి దగ్గరికి వెళ్లాలి. సోరియాసిస్ కూడా మొదట్లో చుండ్రులాగే కనిపిస్తుంది. దాన్ని నా కళ్లు తేల్చలేవు. డాక్టరే తేల్చాలి.

పేనుకొరుకుడు మరీ బాధ పెడుతుంది. రూపాయి బిళ్లంత మేర, నున్నగా, ఒక్క వెంట్రుక లేకుండా పోతుంది. పేరు విని ఏదో పురుగు కొరికిందనుకుంటారు. పురుగేం కాదు. మన ఒంట్లో రోగాల్ని ఎదిరించే కణాలే పొరపాటున కుదుళ్ల మీద పడతాయి. చాలామందిలో, మచ్చలు ఒకటీ రెండూ ఉన్నప్పుడు, కొన్ని నెలల్లో జుట్టు తనంతట తానే తిరిగొస్తుంది. ఈలోపు జనం ఊరుకోరు. వెల్లుల్లి రుద్దుతారు, మిరియాలు నూరి పెడతారు, నల్లజీడి రసం పూస్తారు. నల్లజీడి రసం చర్మాన్ని కాలుస్తుంది. పొక్కులెక్కి, పుండై, మచ్చపడిన తలలు ఈ చేతులతో ముట్టుకున్నాను. జుట్టు దానంతట అదే వచ్చేచోట, పుండు పడి మచ్చ మిగిలితే ఇక రాదు. దానంతట అది వచ్చినప్పుడు మాత్రం పేరు చివరగా రాసిన నూనెకి దక్కుతుంది. నాలుగు ఊళ్లు దాటి ఆ నూనెకి గిరాకీ పెరుగుతుంది.

ఇదే లెక్క జ్వరం తర్వాత రాలే జుట్టుకీ వర్తిస్తుంది. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలు. డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటివి వచ్చిపోయాక, కాన్పు అయ్యాక, రెండు మూడు నెలలకి గుప్పెళ్లు గుప్పెళ్లుగా ఊడుతుంది. శరీరం కష్టంలో పడ్డప్పుడు చాలా కుదుళ్లు ఒకేసారి పెరుగుదల ఆపేసి విశ్రాంతిలోకి వెళతాయి. వాటిలోని వెంట్రుకలు ఆ తర్వాత ఒకేసారి రాలతాయి. వేరే లోపం లేకపోతే ఆర్నెల్లలో చాలామందికి ఆగిపోతుంది, కొత్తది మొలుస్తుంది. ఆ ఆర్నెల్ల భయంలోనే ఖరీదైన నూనెలు ఎక్కువగా అమ్ముడుపోతాయి. వాడిన ప్రతి ఒక్కరికీ అది పనిచేసినట్టే అనిపిస్తుంది.

గోడకి మా ఆవిడ వైపు సంగతి ఇక్కడ చెప్పాలి. ఆమె దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో జుట్టు రాలుతోందని వచ్చినవాళ్ల కింది కనురెప్పని ముందు లాగి చూస్తుంది. తెల్లగా పాలిపోయి ఉంటే ఆ రోజు ఏ ట్రీట్‌మెంటూ చెయ్యదు. రక్తపరీక్ష చేయించుకుని రమ్మంటుంది. డబ్బులు పోగొట్టుకుంటున్నావని చుట్టాలు అన్నారు. ఆమె వినలేదు. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం మందికి, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం కన్నా ఎక్కువ! ఒంట్లో ఇనుము నిండుకుంటే శరీరం ఉన్నదాన్ని ముందు ప్రాణానికి అవసరమైన పనులకి వాడుకుంటుంది, జుట్టు వంతు చివర్న వస్తుంది. థైరాయిడ్ తక్కువైనా జుట్టు ఊడుతుంది. ఇవి రెండూ రక్తపరీక్షలో తేలతాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇనుము మాత్రలు ఉచితంగా ఇస్తారు. ఇంటి ఖర్చులో మిగిల్చుకున్న ఐదొందలు పెట్టి ఒక సీసా కొనుక్కుని, ఆ సీసా అయ్యేదాకా పరీక్ష వాయిదా వేసే ఆడమనిషిని చూస్తే నాకు కోపం రాదు. ఆమెకి ఆ సీసా అమ్మినవాడి మీద వస్తుంది.

కుర్రాళ్లది ఇంకో రకం. తండ్రి, మేనమామల పోలికతో నుదుటి మూలలు వెనక్కి జరగడం మగ హార్మోన్ ప్రభావం. కుదుళ్లు ఏటికేడు చిన్నవై, వెంట్రుక సన్నబడుతుంది. దీనికి పైన రాసే మందుల్లో నిలబడిన సాక్ష్యం ఉన్నది మినాక్సిడిల్. మొదట రక్తపోటు మాత్రగా వచ్చి, వాడినవాళ్లకి ఒంటినిండా వెంట్రుకలు మొలవడం గమనించాక, 1988లో అమెరికాలో తలకి రాసే మందుగా అనుమతి పొందింది. అదీ అందరికీ పనిచెయ్యదు, మానేస్తే వచ్చింది పోతుంది. డాక్టరు చెబితేనే మొదలుపెట్టాలి. “మరి రోజ్‌మేరీ నూనె కూడా అలాగే పనిచేస్తుందట కదా బాబాయ్” అని మా ఇంజినీరింగ్ పిల్లలు ఫోన్ చూపిస్తారు. వాళ్లు చూపించేది 2015లో ఇరాన్‌లో జరిగిన పరీక్ష. వందమంది, ఆరు నెలలు, రోజ్‌మేరీ ఒకవైపు, 2 శాతం మినాక్సిడిల్ ఒకవైపు. రెండింటికీ దగ్గర దగ్గరగా ఫలితం వచ్చింది. అయితే ఏమీ రాయని మూడో జట్టు అందులో లేదు. ఆ ఒక్క పరీక్ష మీద ఇంత గోడ కట్టకూడదు. పైగా వాళ్లు వాడింది పలచగా కలిపిన లోషను. చిన్న సీసాల్లో వచ్చే గాఢమైన సుగంధ తైలాన్ని తిన్నగా మాడు మీద చుక్కలు వేసుకుని మంట పుట్టి వచ్చిన పిల్లలు నాకు తెలుసు.

ఇంట్లో కాచుకునే నూనె మాటేమిటి? మా అమ్మ ఇప్పటికీ గుంటగలగరాకు, మందారాకు, గుప్పెడు మెంతులు వేసి కొబ్బరినూనె కాస్తుంది. ఆకులోని తడి అంతా ఇగిరి, చిటపటలు ఆగేదాకా సన్నని సెగమీద ఉంచి దించాలి. తడి మిగిలితే నాలుగు రోజుల్లో కంపు కొడుతుంది. గుంటగలగర మీద ఎలుకల్లో పరీక్షలు జరిగాయి. అంతవరకే నిజం. మా అమ్మ నూనె వాసన నాకు ఇష్టం, రాసుకుంటాను. అందులో మేలు చేస్తున్నది ముప్పాతిక వంతు కొబ్బరే అని ఆమెతోనూ చెబుతాను.

రాసిన నూనె వదిలించడానికి కుంకుడుకాయ కన్నా మంచిది మా ఊళ్లలో లేదని నా పట్టుదల. బోరు నీళ్ల కాఠిన్యానికి సబ్బు విరిగి తెల్లటి తెట్టులా వెంట్రుకకి పడుతుంది. కుంకుడులో నురగ ఇచ్చే సపోనిన్లు అలా విరగవు. నూనె మరీ పిండి తీసెయ్యవు కూడా. కళ్లలో పడనివ్వకూడదు, అంతే. పసిపిల్లలకి పురిటి స్నానం పోసేవాళ్లకి ఒక విన్నపం. మాడుకి ఆముదం పెడితే పెట్టండి. ముక్కులో, గొంతులో మాత్రం నూనె చుక్క వెయ్యకండి. అది ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. మా సెలూన్‌లో తలకి మర్దనా చేస్తాం కానీ మెడ పట్టుకుని విరవం. మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం చిట్లితే పక్షవాతం వస్తుంది. తోటి వృత్తివాళ్లు కూడా ఆ పని మానాలి.

ఇక సీసాల సంగతి. షాపులో ఉసిరి, మల్లె, బాదం బొమ్మలతో వచ్చే నూనె సీసాని వెనక్కి తిప్పి చూడండి. చాలావాటిలో మొదటి పేరు లైట్ లిక్విడ్ పారఫిన్. అది పెట్రోలియం నుంచి తీసిన ఖనిజ తైలం. విషం కాదు, జుట్టుకి నునుపు ఇస్తుంది. కానీ లోపలికి పోదు. ముందు వైపు ఉసిరికాయ, వెనక వైపు పారఫిన్. కొబ్బరినూనెకీ ఈ బెడద ఉంది. 2025లో కొబ్బరి ధర బాగా పెరిగినప్పుడు మాకు తెలిసిన మిల్లు ముందే చౌక నూనె డబ్బాలతో ఆటోలు తిరిగాయి. “చలికి గడ్డకడితే అసలుది” అనేది సగం పరీక్షే. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం నిజం, పారఫిన్ కలిస్తే సరిగ్గా కట్టదు. కానీ పామ్ కెర్నల్ నూనె కూడా దాదాపు అదే వేడి దగ్గర గడ్డకడుతుంది, కాబట్టి ఆ కల్తీ దీనికి దొరకదు. కళ్లముందు ఆడించుకోవడం, లేదంటే తినే నూనెగా ప్రభుత్వ ఆహార లైసెన్సు నంబరు ఉన్నది కొనుక్కోవడం మేలు.

చిన్న సీసాల్లో వచ్చే కొబ్బరినూనె తినేదా, తలకి రాసేదా అన్న ప్రశ్న మీద పన్నుల శాఖ, కంపెనీలు ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాయి. 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పు ఇచ్చారు. 2024 డిసెంబర్ 18న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది: తలనూనె అని లేబుల్ వేసి అమ్మితే తప్ప, చిన్న సీసాలో ఉన్నంత మాత్రాన అది తలనూనె కాదు, తినే నూనే. అప్పట్లో తినేదానికి 5 శాతం, తలనూనెకి 18 శాతం పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి తలనూనెకి కూడా 5 శాతమే అయింది. సీసా మీద పడే పన్ను కోసం దేశపు అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లారు. ఆ సీసా ఏం చెప్పి అమ్ముడుపోవచ్చు అన్న ప్రశ్న కోసం అంత దూరం వెళ్లినవాళ్లు నాకు కనబడలేదు.

నిజానికి చట్టంలో మాట ఉంది. 1945 నాటి డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ ‘జె’ అని ఒక పట్టిక ఉంది. నివారిస్తామని, నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడని జబ్బుల పట్టిక అది. అందులో బట్టతల ఉంది, బాలనెరుపు ఉంది, జుట్టు రంగు మారడం, కొత్త జుట్టు మొలవడం ఉన్నాయి. తనిఖీలు, అనుమతులు దాటి వచ్చిన మందే ఆ మాట అనడానికి వీల్లేనప్పుడు, సౌందర్య సాధనం పేరుతో ఏ పరీక్షా లేకుండా వచ్చిన నూనె సీసా “21 రోజుల్లో కొత్త జుట్టు” అని ఎలా అనగలుగుతోంది? 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కూడా వాడేవాళ్లని తప్పుదారి పట్టించే మాటలు కూడదంటున్నాయి. ఫోన్‌లో వీడియోలు చేసి అమ్మేవాళ్లు, సంతలో వేర్లు నానబెట్టిన పెద్ద జాడీలు పెట్టుకుని అమ్మేవాళ్లు, అడవి పేరు చెప్పి అమ్మేవాళ్లు, అందరూ అంటున్నది అదే మాట. వీళ్లలో కడుపుకోసం జాడీ మోసుకు తిరిగే మనిషిని ముందు పట్టుకోమని నేను అనను. లక్షల సీసాలు అమ్మే ప్రకటనదారుల నుంచి మొదలుపెట్టాలి. రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులకి ఆ అధికారం ఉంది.

మా సెలూన్లకి కూడా ఏజెంట్లు వస్తారు. సీసాకి ఇంత అని కమిషన్ ఇస్తామంటారు, కుర్చీలో కూర్చున్నవాడి చెవిలో రెండు ముక్కలు వేస్తే చాలంటారు. మా సంఘం సమావేశంలో నేను పెట్టిన ప్రతిపాదన ఒకటే: జుట్టు మొలుస్తుందని చెప్పే ఏ నూనెనీ మన కుర్చీ దగ్గర అమ్మకూడదు. సగంమంది ఒప్పుకున్నారు. మిగతావాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది, కటింగు మీద మిగిలేది అద్దెకీ కరెంటుకీ సరిపోతుంది. అయినా వచ్చే సమావేశంలో మళ్లీ పెడతాను.

అధికారుల నుంచి నేను కోరేది పెద్దది కాదు. సీసా ముందు వైపు కొబ్బరికాయ బొమ్మో, ఉసిరికాయ బొమ్మో వేసినప్పుడు, అందులో ఆ నూనె నూటికి ఎన్ని పాళ్లు ఉందో, పారఫిన్ ఎన్ని పాళ్లు ఉందో అదే ముందు వైపున, తెలుగులో, బ్రాండు పేరుకి తీసిపోని అక్షరాల్లో అచ్చువేయించాలి.